ఆ ఆఫీసు గడప దాటాకే అమెరికా!

అమెరికా చదువంటే మన ఇళ్లలో ముందుగా గుర్తొచ్చేది ఎమ్మెస్. అయితే ఆ దేశంలో వెయ్యికి పైగా కమ్యూనిటీ కాలేజీలున్నాయి. ఇంటర్ వయసులోనే దేశం దాటి వచ్చిన పిల్లలెందరో అక్కడే తొలి అడుగు వేస్తారు. ఆ అడుగు తడబడకుండా చూసే ఇంటర్న్‌ల గురించే ఈ కథనం.

ఫాల్ సెమిస్టర్ మొదలయ్యే ఆగస్టు రోజుల్లో ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసు పెళ్లివారి విడిదిల్లులా ఉంటుంది. వియత్నాం అమ్మాయికి ఇంగ్లిష్ ప్లేస్‌మెంట్ టెస్టు ఎక్కడ రాయాలో తెలియాలి. నైజీరియా కుర్రాడికి బ్యాంకు ఖాతా కావాలి. మరొకరికి ఉండటానికి గదే దొరకలేదు. వీళ్లను ముందుగా పలకరించేది చాలాసార్లు ఓ ఇంటర్న్. అంటే యూనివర్సిటీలో ఉన్నత విద్య నిర్వహణపై మాస్టర్స్ చేస్తూ, కోర్సులో భాగంగా కొన్ని నెలలు ఇక్కడ పని నేర్చుకుంటున్న విద్యార్థి.

అందరికీ తెరిచిన తలుపు

1901లో ఇల్లినాయ్‌లో మొదలైన జోలియెట్ జూనియర్ కాలేజీ ఈ తరహా ప్రభుత్వ కాలేజీల్లో మొదటిది. అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన కమిషన్ ఇలాంటివి దేశమంతటా రావాలని 1947లో చెప్పాక ‘కమ్యూనిటీ కాలేజీ’ అన్న పేరు స్థిరపడింది. ఇక్కడ రెండేళ్లు చదివి అసోసియేట్ డిగ్రీ తీసుకోవచ్చు, లేదా క్రెడిట్లతో యూనివర్సిటీకి మారి మిగతా రెండేళ్లు పూర్తిచేయొచ్చు. యూనివర్సిటీతో పోలిస్తే ఫీజు తక్కువ, తరగతులూ చిన్నవి. కాలిఫోర్నియాలోనైతే నిర్ణీత మార్కులు తెచ్చుకుని, కోర్సులు పూర్తిచేసినవారికి యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలోని ఆరు క్యాంపస్‌లు సీటుకు ముందే హామీ ఇస్తాయి. శాంటా మోనికా, డి ఆంజా లాంటి అక్కడి కమ్యూనిటీ కాలేజీలకు విదేశీ విద్యార్థులు వెళ్లడానికి ఈ దారే పెద్ద కారణం.

పన్నెండు క్రెడిట్ల లెక్క

ఇంటర్న్ మొదట నేర్చుకోవాల్సింది విద్యార్థులకిచ్చే ఎఫ్-1 వీసా నిబంధనల్ని. సెమిస్టర్‌కు కనీసం 12 క్రెడిట్లు చదవాలి. ఆన్‌లైన్ క్లాసులు ఎన్ని తీసుకున్నా ఆ లెక్కలోకి ఒక్కటే వస్తుంది. చిరునామా మారితే పది రోజుల్లో చెప్పాలి. తరగతులు జరిగే రోజుల్లో క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి పనిచేయకూడదు. బయట అనుమతి లేకుండా అసలే చేయకూడదు.

చెప్పుకోవడానికి ఇవి చిన్న నియమాలే. కానీ గణితం అర్థంకాక ఓ విద్యార్థి ఎవరికీ చెప్పకుండా ఒక క్లాసు వదిలేశాడనుకోండి. క్రెడిట్లు తొమ్మిదికి పడిపోతాయి, దాంతో అతని స్టేటస్సే పోవచ్చు. అదే పిల్లాడు ముందురోజు ఆఫీసుకొచ్చి చెబితే, తగిన కారణముంటే తక్కువ క్రెడిట్లతో చదివేందుకు అధికారి ముందే అనుమతి ఇవ్వగలరు. ఆ ఒక్కరోజు తేడాయే అతని భవిష్యత్తు. అందుకే ‘క్లాసు వదిలే ముందు మా దగ్గరకు రా’ అన్న మాటను మంచి ఇంటర్న్ ఎన్నిసార్లయినా విసుగు లేకుండా చెబుతారు.

వినడమూ ఉద్యోగమే

విద్యార్థి వీసాకు ఆధారమైన ఐ-20 పత్రం మీద సంతకం చేసే అధికారం ఇంటర్న్‌కు ఉండదు. అది డీఎస్‌ఓగా (డిజిగ్నేటెడ్ స్కూల్ అఫీషియల్) గుర్తింపు పొందిన అధికారి పని. వీసా చిక్కుల మీద సొంత సలహా ఇవ్వడమూ ఇంటర్న్‌కు తగదు. తెలియనిది తెలియదని చెప్పి, తెలిసినవారి దగ్గరకు వెంటపెట్టుకుని తీసుకెళ్లడం ఇక్కడ అలవడే గొప్ప విద్య.

మరో పాఠం గోప్యత. ‘మావాడికి ఎన్ని మార్కులొచ్చాయి?’ అని తండ్రి ఫోన్ చేసినా, విద్యార్థి అనుమతి లేకుండా కాలేజీ సాధారణంగా చెప్పదు. 1974 నాటి ఫెర్పా చట్టం విద్యార్థి వివరాలకు అంత రక్షణ ఇస్తుంది. ఫీజు కట్టే కన్నవాళ్లకు ఇది కష్టంగానే ఉంటుంది. కానీ తన మాట బయటికి పొక్కదన్న నమ్మకం ఉంటేనే, ఇంటి మీద బెంగతో తిండి మానేసిన అమ్మాయి ఆ విషయం నోరు తెరిచి చెబుతుంది.

మనవాళ్లకేం సంబంధం?

అమెరికాలో తెలుగు కుటుంబాల పిల్లలు ఎందరో తల్లిదండ్రుల హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద ఆధారపడి, కుటుంబసభ్యులకిచ్చే హెచ్-4తో పెరుగుతున్నారు. 21 ఏళ్లు నిండితే ఆ స్టేటస్ చెల్లదు. చదువు సాగాలంటే చాలామంది ఎఫ్-1కు మారాల్సిందే. పెరిగిన ఊళ్లోనే, చిన్నప్పటి స్నేహితుల మధ్యే విదేశీ విద్యార్థిగా నమోదు కావడం ఆ వయసుకు పెద్ద దెబ్బ. అలాంటి పిల్లలకు కాగితాల సాయంతోపాటు ఓదార్పు మాటా కావాలి.

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్లి, ఐ-20 చేతపట్టుకుని బెదురుతూ విమానం దిగిన అనుభవం మన ఎమ్మెస్ విద్యార్థుల్లో లక్షలమందికి ఉంది. విద్యారంగంలో పైచదువులు చదివే తెలుగువారు ఇలాంటి ఇంటర్న్‌షిప్‌ల వైపు చూడాలి. ఆ భయం ఎలాంటిదో తెలిసినవాళ్ల మాటకు బలం ఎక్కువ.

పిల్లల్ని పంపే తల్లిదండ్రులకూ ఓ మనవి. కాలేజీ ర్యాంకుతోపాటు అక్కడి ఇంటర్నేషనల్ ఆఫీసు గురించీ ఆరా తీయండి. అపాయింట్‌మెంట్ ఎన్నాళ్లకు దొరుకుతుంది, యూనివర్సిటీకి మారేటప్పుడు తోడుండేదెవరు, మనసు బాగోలేనప్పుడు ఎవరిని కలవాలి అని అడగండి. దేశం కాని దేశంలో మీ బిడ్డ తలుపు తట్టినప్పుడు లోపల ఎవరో ఒకరు ఉంటారన్న భరోసా, ఫీజు రాయితీ కన్నా విలువైనది.