వరద లెక్కలో ఇంటికి చోటేది?

వర్షాకాలపు పార్లమెంటు సమావేశాలలో వరదలపై చర్చ ఏటా జరిగే తంతు. అస్సాం సభ్యులు బ్రహ్మపుత్ర కోతను గూర్చి, బీహారు సభ్యులు కోసీ గట్లను గూర్చి ఆవేదన వెలిబుచ్చుతారు. మంత్రిగారు మంజూరైన కోట్లను చదివి వినిపిస్తారు. కేంద్ర బృందం వెళ్లి వస్తుంది. ఈ చర్చలో నదికి చోటున్నది, గట్టుకు చోటున్నది, సహాయనిధికి చోటున్నది. వరదలో మనిషి తల దాచుకోవలసిన ఇంటికి మాత్రం చోటు బహు స్వల్పం.

ఈ వైఖరి ఈనాటిది కాదు. 1954 నాటి పెద్ద వరదల అనంతరం సెప్టెంబరు 3న అప్పటి మంత్రి గుల్జారీలాల్ నందా జాతీయ వరద విధానాన్ని పార్లమెంటు ముందుంచారు. గట్లతో, కాలువలతో, జలాశయాలతో నదులను అదుపు చేయవచ్చుననేది ఆనాటి విశ్వాసం. అదే ఏడాది ఏప్రిల్‌లో నేపాల్‌తో కోసీ ఒప్పందం కుదిరింది. 1955లో గట్ల పని మొదలైంది.

ఫలితమేమిటి? 1950ల ఆరంభంలో బీహారులో గట్ల పొడవు సుమారు 160 కిలోమీటర్లు. ముంపుకు గురయ్యే భూమి సుమారు 25 లక్షల హెక్టార్లు. 1990ల నాటికి గట్లు 3,400 కిలోమీటర్లు దాటాయి. ముంపు భూమి 68 లక్షల హెక్టార్లు దాటింది. కారణం దుర్గ్రాహ్యం కాదు. హిమాలయ నదులు నీటితోపాటు ఒండ్రును మోసుకొస్తాయి. గట్ల నడుమ ఆ ఒండ్రు మేటవేసి నదీగర్భం పైకి లేస్తుంది. గట్టు వెలుపల కురిసిన వాన నదిలో కలిసే దారిలేక నిలిచిపోతుంది. గట్టు తెగిననాడు నీరు వరదగా కాక ఉప్పెనగా వస్తుంది. 2008 ఆగస్టు 18న నేపాల్‌లోని కుసహా వద్ద గండి పడినప్పుడు కోసీలో ఉన్న ప్రవాహం, గట్లు తట్టుకోవలసిన ప్రవాహంలో ఐదోవంతు కూడా లేదు. అయినా బీహారులో 30 లక్షల మందికి పైగా కష్టాల పాలయ్యారు. రెండు గట్ల నడుమనే చిక్కుకుపోయిన వందలాది గ్రామాల వారికి ముంపు ఏటేటా తప్పని అనుభవం.

గట్లపై ఇంతటి నమ్మకం పెంచుకున్న దేశంలోనే గట్టు ఊసులేని మరో విద్య ఉన్నది. బ్రహ్మపుత్ర తీరాన, మాజులీ ద్వీపంలోను, ఎగువ అస్సాంలోను నివసించే మిసింగ్ గిరిజనుల ఇంటిని చాంగ్ ఘర్ అంటారు. మన పొలాలలోని మంచెను పొడుగ్గా సాగదీసి కప్పువేస్తే దాని రూపం స్థూలంగా బోధపడుతుంది. గుంజల మీద చీల్చిన వెదురు పరచిన నేల, నడుమ పొయ్యి, ఎక్కడానికి నిచ్చెన. కింద పందులు, కోళ్లు, మగ్గం. వరద కింది నుంచి సాగిపోతుంది. నీరు మరీ పెరిగితే వెదురు నేలను మరికాస్త పైకి జరిపి కడతారు. ఒడ్డు కోతకు గురైతే ఇంటిని విప్పి, పనికివచ్చే సామగ్రిని మోసుకుపోతారు. సిమెంటు ఇంటికి ఈ రెండూ సాధ్యం కావు.

పొరుగు దేశాలు ఈ విద్యను తిరిగి అందుకుంటున్నాయి. బంగ్లాదేశ్‌లో వాస్తుశిల్పి మెరీనా తబస్సుమ్ నదీ దిబ్బలపై నివసించే భూమిలేని వారికోసం వెదురు గుంజలను ఉక్కు కీళ్లతో కలిపి, విప్పి మోసుకుపోదగిన రెండంతస్తుల చిన్న ఇంటిని రూపొందించారు. ‘ఖుదీ బారీ’ అనే ఆ ఇంటికి 2025లో ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం లభించింది. 2022 వరదలు 3 కోట్ల 30 లక్షల మందిని బాధించిన పాకిస్తాన్‌లో, ఆ దేశపు తొలి మహిళా వాస్తుశిల్పి యాస్మీన్ లారీ వెదురు, సున్నం, మట్టితో పేదలే కట్టుకోగల ఇళ్ల పద్ధతిని వ్యాప్తి చేస్తున్నారు.

మన ప్రభుత్వం వారి లెక్క వేరు. 2016లో ఆరంభమైన గ్రామీణ ఆవాస్ యోజనలో మైదానానికి 1 లక్షా 20 వేలు, కొండ, దుర్గమ ప్రాంతాలకు 1 లక్షా 30 వేలు రూపాయలు ఇస్తారు. వరద మైదానమనే వర్గం అందులో లేదు. నీటికి అల్లాడే ప్రాంతానికీ, నీటి చుక్క కోసం అలమటించే ప్రాంతానికీ అదే కొలబద్ద. పునాదిని మనిషెత్తు లేపడానికయ్యే ఖర్చు నిరుపేద నెత్తిన పడుతుంది. పైగా వెదురు ఇల్లు ‘కచ్చా’ పద్దులో పడుతుంది. మునిగే ఇల్లు పక్కా, మునగని ఇల్లు కచ్చా! ఇంతకన్న విపరీతం ఉంటుందా?

అయితే ‘నీటితో సహజీవనం’ అనే నినాదాన్ని గుడ్డిగా నెత్తికెత్తుకోనవసరం లేదు. వెదురు కొన్నేళ్లకు పుచ్చుతుంది. మందుపెట్టి శుద్ధి చేసి వాడాలి. గుంజల ఇల్లు పంటను కాపాడలేదు. గండి పడిన ప్రవాహపు వడికి నిలవకపోవచ్చు. ఇల్లొక్కటే పైన ఉండి చేతిపంపు, మరుగుదొడ్డి, పశువుల దొడ్డి నీట మునిగితే ఆ బాధ ప్రధానంగా స్త్రీలది. సగానికి పైగా భూమిని బ్రహ్మపుత్రకు అర్పించుకున్న మాజులీలో ఇల్లు ఎత్తవచ్చు, కాని నిలబెట్టడానికి నేలెక్కడ? ప్రజలు నీటితో సర్దుకుంటున్నారు గదా అని ప్రభుత్వం చేతులు దులుపుకోవడానికి ఈ నినాదం సాకు కారాదు.

ఇది ఈశాన్యానికే పరిమితమైన సమస్య కాదు. 2023 జులైలో యమున ఢిల్లీలో 208.66 మీటర్లకు చేరి 1978 నాటి రికార్డును దాటింది. 1986లో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు ఎక్కిన సంగతిని లంక గ్రామాలవారు మరువలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ కాలనీలను ముంచెత్తినప్పుడు మేడ ఉన్నవారికీ లేనివారికీ గల తేడా అందరూ చూచినదే. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత తీరమంతటా తుపాను ఆశ్రయాలు వెలిశాయి. ఊరికొక ఎత్తైన భవనం అవసరమని గ్రహించిన ప్రభుత్వాలకు, ప్రతి ఇంటికీ తగిన ఎత్తు అవసరమని తోచకపోవడం వింత.

వరద మైదానాలలో నిర్మాణాల నియంత్రణకు కేంద్రం 1975లోనే నమూనా బిల్లును రాష్ట్రాలకు పంపింది. మణిపూర్ 1978లో చట్టం చేసింది. ఆ బాట పట్టిన రాష్ట్రాలు వేళ్లమీద లెక్కించదగినన్ని. 2029 మార్చిలోగా మరో 2 కోట్ల గ్రామీణ గృహాలు కట్టాలన్నది ఇప్పటి లక్ష్యం. ఒక్కొక్క ఇల్లు కనీసం 30 ఏళ్లు నిలవాలని నిబంధన. కనుక నేటి పొరపాటు ఒక తరాన్ని వెన్నాడుతుంది. ఊరూరా గరిష్ఠ వరద మట్టాన్ని గుర్తించి, నేల ఎత్తును దానిని బట్టి నిర్ణయించి, ఆ అదనపు వ్యయాన్ని సర్కారే భరించాలి. శుద్ధిచేసిన వెదురు ఇంటిని పక్కా ఇల్లుగా గుర్తించాలి. భూమి కోల్పోయినవారికి ముందు భూమి ఇవ్వాలి. వచ్చే వర్షాకాలంలో మంత్రిగారు మంజూరైన కోట్లను చదివేటప్పుడు, ఎన్ని ఇళ్ల నేల వరద మట్టానికి పైన ఉన్నదో కూడా చెప్పమని మన సభ్యులు నిలదీయాలి.