సంతకం ఒకదానికి... ఆపరేషన్ మరోదానికి!

పదేపదే జ్వరం వస్తోందని పరీక్షలు చేయించుకున్నాడు ఇరవయ్యేళ్ల ఇంజినీరింగ్ విద్యార్థి ప్రశాంత్ ధనంక. ఛాతీలో ఎడమవైపు గడ్డ ఉన్నట్టు ఎక్స్‌రేలో తేలింది. 1990 అక్టోబరులో హైదరాబాద్‌లోని నిమ్స్‌లో ఆపరేషన్ జరిగింది. కళ్లు తెరిచాక చూస్తే... కాళ్లు రెండూ చచ్చుబడిపోయాయి!

నిజానికి అది క్యాన్సర్ గడ్డ కాదు. కానీ వెన్నెముకకు దగ్గరగా పెరిగింది. అలాంటప్పుడు ముందే మరిన్ని పరీక్షలు చేయాలి, ఆపరేషన్ సమయంలో న్యూరోసర్జన్ ఉండాలి. రెండూ జరగలేదు. పైగా సంతకం తీసుకున్నది బయాప్సీకి. తీసేసింది మొత్తం గడ్డని!

జాతీయ వినియోగదారుల కమిషన్ 1999లో పదిహేనున్నర లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది. జీవితాంతం చక్రాల కుర్చీలో గడపాల్సిన మనిషికి అదే మూలకు? అందుకే సుప్రీంకోర్టుకు వెళ్లాడు ప్రశాంత్. చక్రాల కుర్చీలోనే వచ్చి, తన కేసు తానే వాదించుకున్నాడు. 2009 మే 14న కోర్టు పరిహారాన్ని కోటి రూపాయలకు పెంచింది, వడ్డీ అదనం. ఆపరేషన్ నాటి నుంచి లెక్కేస్తే పద్దెనిమిదిన్నరేళ్ల పోరాటమది.

ఆ తీర్పు మనకూ కొన్ని సంగతులు చెబుతోంది. ఆసుపత్రిలో కాగితం చేతికిస్తే చదవకుండా సంతకం చేయకండి. ఏం చేస్తారు, ఎంతవరకు తీస్తారు, ఏయే నిపుణులుంటారు... అన్నీ అడగండి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలి. అన్యాయం జరిగితే రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేయాలి. అప్పుడు మీ తరఫున మాట్లాడేవి ఆ కాగితాలే!