వాచిన కాలు, బరువెక్కిన మనసు

"వేళ్ళతో ముఖం మీద, ఛాతీ మీద మెల్లగా తట్టుకుంటే కాళ్ళ వాపు తగ్గిపోతుందట, నిజమేనా?" అని ఈ మధ్య చాలామంది మమ్మల్ని అడుగుతున్నారు. సెల్‌ఫోనులో ఎవరో పంపిన వీడియో చూసి కొందరు, పట్నంలో ఉంటున్న పిల్లలు చెప్పగా విని కొందరు ఈ ప్రశ్న వేస్తున్నారు. అడిగేవారిలో ఎక్కువమంది బోదకాలుతో ఏళ్ళ తరబడి బాధపడుతున్నవారు, లేదా వారి ఇంటివారు. కాబట్టి దీన్ని నవ్వి ఊరుకోవడం న్యాయం కాదనిపించింది.

జవాబు ముందే చెప్పేస్తాము. తట్టుకోవడం వల్ల కాలి వాపు తగ్గుతుందనడానికి తగిన ఆధారం లేదు. అయితే కాలిని మెల్లగా కదిలించడం వల్ల, శుభ్రంగా కడుక్కోవడం వల్ల మేలు జరుగుతుంది. ఇక మనసుకు ఊరట కావాలన్నది కూడా నిజమే. ఈ మూడింటినీ ఒక్కొక్కటిగా చూద్దాం.

అన్ని వాపులూ ఒకటి కావు

కాళ్ళు వాచాయనగానే బోదకాలు అనుకోకూడదు. రెండు కాళ్ళూ ఒకేసారి వాచి, వేలితో నొక్కితే గుంట పడుతుంటే అది గుండె, మూత్రపిండాలు, కాలేయం సరిగా పనిచేయకపోవడం వల్ల కావచ్చు. రక్తహీనత వల్ల కావచ్చు. రక్తపోటుకు వాడే కొన్ని మాత్రల వల్ల కూడా పాదాలు వాస్తాయి. గర్భిణికి పాదాలతోపాటు ముఖం, చేతులు వాచినా, తలనొప్పి వచ్చినా, కళ్ళు మసకబారినా అది ప్రమాద సూచన.

ఒక కాలి పిక్క మాత్రమే ఉన్నట్టుండి వాచి నొప్పి పెడుతుంటే లోపలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దానితోపాటు ఆయాసం గాని, ఛాతీలో నొప్పి గాని వస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. అలాంటి కాలిని పిసకకూడదు, తోమకూడదు, వ్యాయామాలు చేయించకూడదు. కొత్తగా వచ్చిన ఏ వాపునైనా ముందు డాక్టరుకు చూపించి, ఆ తరువాతే కింద చెప్పినవి మొదలుపెట్టండి.

మురుగు కాలువ పూడిపోతే

మన కోస్తా జిల్లాల్లో ఏళ్ళ తరబడి ఉండిపోయే వాపుకు ముఖ్య కారణం బోదవ్యాధి, అంటే ఫైలేరియా. మురికినీటిలో పెరిగే క్యూలెక్సు దోమ రాత్రిపూట కుట్టి, సన్నని పురుగు పిల్లలను మనిషి ఒంట్లోకి చేరుస్తుంది. అవి పెరిగి దారాల్లాంటి పురుగులై శోషరస నాళాల్లో కాపురముంటాయి. ఒక పురుగు 6 నుండి 8 ఏళ్ళు బతుకుతుంది.

శోషరస నాళాలంటే ఏమిటో డెల్టా రైతుకు వేరే చెప్పనక్కరలేదు. పొలానికి నీళ్ళు తెచ్చే పంట కాలువ వేరు, మిగిలిన నీటిని బయటికి తీసుకుపోయే మురుగు కాలువ వేరు. ఒంట్లో రక్తనాళాలు పంట కాలువలైతే, శోషరస నాళాలు మురుగు కాలువలు. మురుగు కాలువ పూడిపోతే మంచి చేను కూడా ముంపుకు గురవుతుంది. పురుగులు పాడుచేసిన కాలులో జరిగేదీ అదే. నీరు ముందుకు పోక కాలు నిండిపోతుంది, క్రమంగా చర్మం మందమై మడతలు పడుతుంది.

ఇది తాకితే అంటుకునే జబ్బు కాదు. ఒకే పళ్ళెంలో తిన్నా, ఒకే చాప మీద పడుకున్నా రాదు. తల్లి నుండి బిడ్డకు వంశపారంపర్యంగా వచ్చేది కాదు. పాపానికి శిక్ష అంతకన్నా కాదు. ఇవన్నీ తెలియక ఎన్ని ఇళ్ళలో ఆడపిల్లలకు వచ్చిన సంబంధాలు తప్పిపోయాయో మన అందరికీ తెలిసిన సంగతే.

కాలు పెరిగేది జ్వరాలతోనే

అమావాస్యకో పున్నమికో బోదజ్వరం వస్తుందని మన పల్లెల్లో ఒక నమ్మకం ఉంది. చంద్రుడికీ ఈ జ్వరానికీ సంబంధం లేదు. వేళ్ళ సందుల్లో చర్మం నాని, తెల్లబడి, పగులుతుంది. ఆ పగుళ్ళలో నుంచి సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. మురుగు కదలని కాలులో వాటికి అడ్డు ఉండదు. వణుకుతో జ్వరం, కాలు ఎర్రబడి వేడెక్కడం, గజ్జల్లో బిళ్ళ కట్టడం, అన్నీ ఒక్కసారిగా వస్తాయి. అలాంటి జ్వరం వచ్చిపోయిన ప్రతిసారీ వాపు మరికొంత మిగిలిపోతుంది. అంటే జ్వరాన్ని ఆపగలిగితే కాలు పెరగకుండా చాలావరకు ఆపగలం.

దానికి కావలసినవి నీళ్ళు, మామూలు సబ్బు, మెత్తని తువ్వాలు. రోజుకు రెండుసార్లు, వీలుకాకపోతే రాత్రి పడుకునే ముందు ఒకసారైనా కాలు కడగండి. వేడినీళ్ళు వద్దు, చన్నీళ్ళు చాలు. వాపు ఎక్కడ మొదలైందో అక్కడి నుండి కిందికి పాదం వరకు చేత్తో సబ్బు రాయండి. బ్రష్షుతో గాని పీచుతో గాని రుద్దకండి. మడతల్లోనూ వేళ్ళ సందుల్లోనూ మెత్తని గుడ్డతో శుభ్రం చేయండి. సబ్బు జిడ్డు పోయేదాకా నీళ్ళు పోసి, తువ్వాలుతో అద్ది తడి లేకుండా ఆరబెట్టండి. తడి మిగిలితే కడిగిన ఫలితం దక్కదు. పగుళ్ళు ఉంటే ఏ పూతమందు రాయాలో డాక్టరును అడగండి. రెండో కాలు బాగానే ఉన్నా దాన్ని కూడా కడగండి, అప్పుడు తేడా ఇట్టే తెలుస్తుంది.

ఆకు పసరు కట్లు, వాతలు పెట్టించడం, గాటు పెట్టి రక్తం తీయించడం వద్దేవద్దు. ఒక్కొక్క గాయమూ క్రిములకు ఒక కొత్త వాకిలి. పొలానికి పోయేటప్పుడూ పెరట్లో తిరిగేటప్పుడూ వదులైన చెప్పులు వేసుకోండి.

మెల్లని కదలిక

రక్తాన్ని తోయడానికి గుండె ఉంది. శోషరసానికి అలాంటి పంపు లేదు. పిక్క కండరాలు బిగిసి వదిలినప్పుడల్లా ఆ నీరు కాస్త పైకి జరుగుతుంది. రోజంతా కాళ్ళు వేలాడేసి కూర్చున్నా, ఒకేచోట నిలబడినా వాపు పెరిగేది అందుకే.

కూర్చున్నప్పుడు పాదాన్ని పైకీ కిందికీ 10 సార్లు ఆడించండి. మడమ దగ్గర గుండ్రంగా అటు 10, ఇటు 10 సార్లు తిప్పండి. కాలి వేళ్ళు ముడిచి తెరవండి. గోడ పట్టుకుని నిలబడి, మునివేళ్ళ మీద మెల్లగా లేచి దిగండి. ఇవి ఏ పనిలో ఉన్నా చేయవచ్చు. పప్పు ఏరుతూ, బస్సులో కూర్చుని, పొయ్యి దగ్గర నిలబడి రోజుకు నాలుగైదుసార్లు చేసినా ఎవరికీ తెలియదు. నెమ్మదిగా నడవడం కూడా మంచిదే.

కూర్చున్నప్పుడు కాలిని పీట మీదో కుర్చీ మీదో చాచి పెట్టండి. పడుకున్నప్పుడు మంచం కాళ్ళ వైపు కోళ్ళ కింద ఇటుకలు పెడితే కాలు కాస్త ఎత్తుగా ఉంటుంది. గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఇలా చేయకూడదు.

బోదజ్వరం ఉన్న రోజుల్లో ఈ వ్యాయామాలు ఆపేయాలి. కాలిని ఎత్తులో ఉంచి, తడిగుడ్డ వేసి, నీళ్ళు బాగా తాగుతూ విశ్రాంతి తీసుకోవాలి. డాక్టరు ఇచ్చిన మందులు పూర్తిగా వాడాలి. జ్వరం, నొప్పి పూర్తిగా తగ్గాక మళ్ళీ మొదలుపెట్టవచ్చు.

తట్టుకోవడం సంగతి

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. రోజర్ కాలహన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1980లలో ఇలాంటి ఒక పద్ధతిని ప్రవేశపెట్టారు. 1990లలో గ్యారీ క్రెయిగ్ అనే ఆయన దాన్ని సులభం చేసి ప్రచారంలోకి తెచ్చారు. మనసును బాధిస్తున్న విషయాన్ని నోటితో పలుకుతూ, అరచేతి అంచు మీద, కనుబొమ మొదట్లో, కంటి పక్కన, ముక్కు కింద, గడ్డం మీద, మెడ ఎముక దగ్గర వేలికొసలతో తట్టుకుంటారు. ఒంట్లో కంటికి కనిపించని శక్తి దారులున్నాయని, తడితే అవి సరిపడతాయని దాన్ని నేర్పేవారు చెబుతారు. అలాంటి దారులున్నట్టు రుజువు లేదు. ఆందోళన తగ్గినట్టు కొన్ని పరిశీలనల్లో తేలింది గాని, అది తట్టినందువల్లనా, లేక బాధను మాటల్లో పెట్టి కాసేపు నిదానంగా కూర్చున్నందువల్లనా అన్నది తేలలేదు.

మనసుకు నెమ్మది కలుగుతుందనుకుంటే తట్టుకున్నా నష్టం లేదు. ఐతే వాచిన కాలి మీద తట్టకండి. దాన్ని నమ్ముకుని కడగడం మానకండి, మాత్రలు మానకండి, డబ్బు పోసి శిక్షణలు కొనకండి.

ఈ పద్ధతికి ఇంతమంది ఆశపడడానికి కారణం ఏమిటని మేము ఆలోచించాము. వాచిన కాలుతో బతికేవారికి మనసులో ఉన్నది చెప్పుకునే చోటు లేదు. ఆరాధనకు అందరికంటే ముందు వచ్చి వెనుక మూల కూర్చుని, చీర కుచ్చెళ్ళతో పాదాలు కప్పుకుని, అందరూ వెళ్ళాక లేచే స్త్రీలను మనం చూస్తూనే ఉన్నాం. పెళ్ళిళ్ళకు పిలిచినా రారు. డాక్టరు ముందు కాలు చాపడానికి కూడా సిగ్గుపడతారు. దాచిన కాలు కడగడానికి వీలుండదు, కడగని కాలుకు జ్వరం వస్తుంది, జ్వరంతో కాలు ఇంకా పెరుగుతుంది. అందుచేత మనసు బరువు దించడం వైద్యంలో ఒక భాగమే అని మేము అంటున్నాము.

రెసిఫె నేర్పిన పాఠం

బ్రెజిలు దేశంలో రెసిఫె అనే సముద్రతీర పట్టణం ఉంది. బోదకాలుకు అది పేరుమోసిన చోటు. అక్కడ జెరూసా డ్రేయర్ అనే వైద్యురాలు 1990లలో రోగులను ఒకచోట చేర్చి "ఆశా సంఘాలు" నడిపారు. రోగులే ఒకరి కాలు ఒకరు చూసుకుంటూ, కడగడం, ఆరబెట్టడం, కదిలించడం నేర్చుకునేవారు. ఎవరికి జ్వరాలు తగ్గాయో వారే కొత్తవారికి నేర్పేవారు. హైతీ దేశంలోని లెయోగాన్‌లో ఎపిస్కోపల్ సంఘానికి చెందిన సెయింట్ క్రోయి ఆసుపత్రి కూడా ఇలాంటి రోగుల కూటములకు చోటిచ్చింది. ఆ కూటముల్లో కాళ్ళు బయట పెట్టుకుని కూర్చోవడం ఎవరికీ సిగ్గుగా ఉండేది కాదు, ఎందుకంటే అందరి కాళ్ళూ అలాంటివే.

ఇది మన ఊళ్ళలో కుదరనిదేమీ కాదు. నెలకు ఒకసారి కూడుకునే స్త్రీల సమాజంలో ఒక గంట దీనికి కేటాయించవచ్చు. ఒక బేసిను, చెంబు, సబ్బు, నాలుగు తువ్వాళ్ళు చాలు. ఊరి ఆశా కార్యకర్తను గాని, నర్సమ్మను గాని పిలిచి మొదటిసారి చేసి చూపించమనండి. మగవారు కూడా విడిగా కూడుకోవాలి. ఈ పురుగు వల్లనే చాలామంది పురుషులకు బుడ్డ దిగుతుంది. దానికి శస్త్రచికిత్స ఉన్నా చెప్పుకోలేక దాచుకుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం కాళ్ళు చేతులు వాచినవారు 1.5 కోట్లకు పైగా ఉంటే, బుడ్డతో బాధపడే పురుషులు 2.5 కోట్లమంది.

పిల్లలకు రాకుండా

ప్రభుత్వం 2004 నుండి బోదవ్యాధి ఉన్న జిల్లాల్లో అందరికీ మాత్రలు మింగించే కార్యక్రమం దేశమంతటా నడుపుతోంది. 2027 నాటికి ఈ జబ్బును లేకుండా చేయాలన్నది లక్ష్యం. ఇంటికి వచ్చి ఇచ్చే మాత్రలను చాలామంది తీసుకుని అటకమీద పెడతారు. "నాకేం జబ్బు లేదు గదా" అంటారు. కాలు వాయకముందే పురుగు పిల్లలు రక్తంలో తిరుగుతుంటాయి. అవి రాత్రిపూటే రక్తంలోకి ఎక్కువగా వస్తాయి గనుకనే పరీక్షకు రాత్రిపూట రక్తం తీస్తారు. ఆ మాత్రలు అన్నం తిన్నాక, కార్యకర్త ముందే మింగాలి. గర్భిణులు, 2 ఏళ్ళలోపు పిల్లలు, బాగా జబ్బుపడినవారు మింగకూడదు. పాత వాపును మాత్రలు తగ్గించవు. దోమ మీ ఇంటి నుండి పక్కింటి పిల్లవాడికి మోసుకుపోయే పురుగును ఆపుతాయి.

పెరట్లో మురుగు గుంట పూడ్చండి. సెప్టిక్ ట్యాంకు గొట్టానికి సన్నని వల కట్టండి. దోమతెర వాడండి. బోదకాలు ఉన్నవారికి బేసిను, మగ్గు, సబ్బు, తువ్వాలు, పూతమందు గల సంచిని ఆరోగ్య శాఖ ఉచితంగా ఇస్తుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. జబ్బు ముదిరినవారికి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పింఛను ఉంది, దాని సంగతి కూడా అక్కడే కనుక్కోండి.

ఏళ్ళుగా పెరిగిన కాలు మునుపటిలా కాదని మేము దాచిపెట్టము. జ్వరాలు మాత్రం తగ్గుతాయి, చర్మం మెత్తబడుతుంది, వాసన పోతుంది, నలుగురిలోకి రావడానికి ధైర్యం వస్తుంది. మీ ఇంట్లో అమ్మకో అత్తయ్యకో ఇలాంటి కాలు ఉంటే ఈ రాత్రి బేసినులో నీళ్ళు పట్టుకెళ్ళి ఆమె పక్కన కూర్చోండి. మొదటిసారి ఆమె వద్దంటుంది. అయినా కూర్చోండి.