బిడ్డను దత్తు తీసికొనుట: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

సంతానము కోరి యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహస్వామికి మ్రొక్కుకొనుటకు వచ్చు దంపతులు ఎందరో కలరు. ఏండ్లు గడచినను ఒడి నిండనివారు ఎవరి బిడ్డనైనను తెచ్చి సాదుకొనవలెనని తలచుట సహజము. ఆ తలంపు మంచిది. కాని బిడ్డను ఎక్కడ నుండి, ఎవరి చేతి మీదుగా తెచ్చుకొనవలెనో వారికి తెలియదు. ఊరిలో వారు మొదట సలహా అడుగునది తమ వార్డు సభ్యునినో, సర్పంచినో కదా! ఆ దినమున మీరు చెప్పు మాట మీద ఆ దంపతుల బ్రతుకే గాక, ఒక పసిబిడ్డ బ్రతుకును, ఆ బిడ్డను కన్న తల్లి బ్రతుకును ఆధారపడియుండును. కావున ఈ విషయమును కొంత వివరముగా చెప్పదలచినాము.

మన ప్రాంతమునకు ఈ విషయములో చేదు అనుభవములు కలవు. 1999 నుండి 2001 వరకు జరిగిన సోదాలలో, నల్లగొండ, మహబూబునగరము జిల్లాల లంబాడా తండాల నుండి ఆడశిశువులను మధ్యవర్తులు కొద్దిపాటి సొమ్మునకు కొని హైదరాబాదులోని కొన్ని దత్తత సంస్థలకు చేర్చినట్లు బయటపడినది. ఆ సంస్థలు పేరునకు సేవా సంస్థలే. గుర్తింపు పత్రములును ఉండెను. పేదరికము, ఆడపిల్ల భారమను భావము ఈ వ్యాపారమునకు ఊతమైనవి.

2018 జూలై చివరలో యాదగిరిగుట్టలోనే మరియొక ఘోరము వెల్లడియైనది. వ్యభిచార గృహములలో పెంచబడుచున్న 11 మంది బాలికలను ఆనాటి రాచకొండ పోలీసులు విడిపించిరి. తరువాతి సోదాలలో మరికొందరు దొరకిరి. ఆ పిల్లలు కొనితేబడినవారు. లోకమునకు మాత్రము కన్నబిడ్డలుగా చూపబడిరి. "ఈ బిడ్డ ఎవరు? ఎక్కడ నుండి వచ్చినది?" అని ఇరుగుపొరుగు వారు ముందే అడిగియుండినచో ఆ పసివారి యాతన అంతకాలము సాగియుండెడిది కాదు.

కొనువారు మంచివారైనను కీడు తప్పదు. 2024 మే నెలలో హైదరాబాదు శివారులోని మేడిపల్లి కేసులో ఇతర రాష్ట్రముల నుండి తెచ్చి అమ్మబడిన పదిమందికి పైగా పసిబిడ్డలను పోలీసులు స్వాధీనపరచుకొనిరి. కొనినవారు పిల్లలు లేని దంపతులు. బిడ్డలను ప్రేమతోనే పెంచుకొనుచుండిరి. ఒడిలోని బిడ్డను అధికారులు తీసికొనిపోవుచుండగా వారు విలపించిరి. న్యాయస్థానముల మెట్లు ఎక్కవలసివచ్చినది. సరియైన దారిన పోయియుండినచో ఈ ఎడబాటు కలుగకుండెడిది.

చట్టబద్ధమైన మార్గము

అనాథలు, విడువబడినవారు, తల్లిదండ్రులు అప్పగించిన పిల్లలు, వీరి దత్తత 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము జరుగవలెను. దేశమంతటికిని దీనిని పర్యవేక్షించునది కేంద్ర దత్తత వనరుల సంస్థ. దీనిని ‘కారా’ అందురు. దంపతులు ‘కారా’ వారి ఆన్‌లైను విధానములో పేరు నమోదు చేసికొనవలెను. మీసేవలోనో, జిల్లా బాలల సంరక్షణ విభాగములోనో ఇందుకు సహాయము పొందవచ్చును. దంపతులకు పెండ్లియై కనీసము రెండేండ్లు గడచియుండవలెను. ఇద్దరి సమ్మతియు ఉండవలెను. ఒంటరి స్త్రీ ఆడబిడ్డనైనను, మగబిడ్డనైనను తీసికొనవచ్చును. ఒంటరి పురుషునికి ఆడబిడ్డను ఇయ్యరు.

నమోదైన పిమ్మట సాంఘిక కార్యకర్త ఇంటికి వచ్చి కుటుంబ పరిస్థితిని విచారించి నివేదిక వ్రాయును. అతనికి భయపడి ఏదియు దాచనక్కరలేదు. ఇల్లు పెద్దదా చిన్నదా యని గాక, బిడ్డకు ప్రేమయు భద్రతయు దొరకునా యని చూచుటయే అతని పని. ఆపైన వరుసక్రమములో బిడ్డ వివరములు పంపబడును. జిల్లా మేజిస్ట్రేటు, అనగా కలెక్టరు, దత్తత ఉత్తరువు ఇచ్చుటతో ఆ బిడ్డ సర్వహక్కులతో ఆ ఇంటి బిడ్డ యగును. 2022 సెప్టెంబరుకు ముందు ఈ ఉత్తరువు న్యాయస్థానము ఇచ్చుచుండెను. దత్తత తరువాత రెండేండ్ల వరకు ఆరు నెలలకొకసారి బిడ్డ క్షేమమును విచారింతురు.

ఆరోగ్యవంతమైన పసిబిడ్డ కొరకు ఏండ్ల తరబడి వేచియుండవలసి వచ్చుచున్నది. ఈ ఆలస్యమే మధ్యవర్తికి పెట్టుబడి. "వారము దినములలో తెచ్చియిచ్చెదను" అనువాని మాట నమ్మినచో ఏమగునో పైన చూచితిమి.

సంస్థను గుర్తించుట ఎట్లు?

రాష్ట్ర ప్రభుత్వ గుర్తింపు గల ప్రత్యేక దత్తత సంస్థయే బిడ్డను ఇయ్యగలదు. మహిళా శిశు సంక్షేమ శాఖ నడుపు శిశుగృహలు అట్టివి. ఏ సంస్థ పేరు చెప్పినను, జిల్లా బాలల సంరక్షణ అధికారిని అడిగి గుర్తింపు ఇప్పటికిని అమలులో నున్నదా యని నిర్ధారించుకొనుడు. మంచి సంస్థ నిర్ణీత రుసుమునకు రసీదు ఇచ్చును, విరాళము అడుగదు, బిడ్డ ఆరోగ్య నివేదికను దాచదు, వరుస తప్పించి బిడ్డను ఇచ్చెదనని ఆశ పెట్టదు. ఆసుపత్రి వరండాలో బేరము పెట్టునది, స్టాంపు కాగితముపై సంతకములు చాలుననునది, కన్నతల్లి పేరుకు బదులు పెంచుకొనువారి పేరుతో జనన పత్రము వ్రాయించెదననునది దత్తత సంస్థ కాదు. అది బిడ్డల అంగడి. బిడ్డను అమ్మినను కొనినను ఐదేండ్ల వరకు కఠిన ఖైదు, లక్ష రూపాయల జరిమానా కలవు. ఆసుపత్రి సిబ్బందియే ఆ పని చేసినచో మూడేండ్లకు తగ్గకుండ ఏడేండ్ల వరకు శిక్ష.

బంధువుల బిడ్డను దత్తు తీసికొనుట వేరు. 1956 నాటి హిందూ దత్తత చట్టము ప్రకారము పదునైదేండ్లు నిండని బిడ్డను తల్లిదండ్రులు స్వయముగా ఇయ్యగా పుచ్చుకొనవచ్చును. దత్తత పత్రమును రిజిస్టరు చేయించుకొనినచో తరువాత తగవులుండవు.

పెంచలేని తల్లికి చెప్పవలసినది

దత్తత కథలో మనము తరచుగా మరచునది కన్నతల్లిని. బిడ్డను పెంచలేని తల్లి దాయి చేతనో, బ్రోకరు చేతనో పెట్టనక్కరలేదు, పొదలపాలు చేయనక్కరలేదు. జిల్లా బాలల సంక్షేమ కమిటీ ముందు అప్పగించుటకు చట్టము వీలు కల్పించినది. ఆమె వివరములు రహస్యముగా ఉంచబడును. మనసు మారినచో అరువది దినములలోగా బిడ్డను తిరిగి తీసికొనవచ్చును. బ్రోకరు చేతిలో పెట్టిన బిడ్డకు అట్టి గడువు లేదు. అయితే మొదటి ప్రయత్నము బిడ్డ తల్లి యొద్దనే పెరుగునట్లు చూచుట. పేదరికమే కారణమైనచో ప్రభుత్వ సహాయములను ఆమెకు అందించుట పంచాయతీ కర్తవ్యము.

మీరు చేయవలసినది

గ్రామ బాలల పరిరక్షణ కమిటీకి సర్పంచియే పెద్ద. ఆ కమిటీని కాగితముపై ఉంచక మూడు నెలలకొకసారియైనను సమావేశపరచుడు. గర్భిణీల వివరములు ఆశ కార్యకర్తకును, అంగన్‌వాడీ టీచరుకును తెలియును. కాన్పు తరువాత బిడ్డ కనబడనిచో, కాన్పు లేని ఇంట బిడ్డ కనబడినచో మర్యాదగానే విచారింపుడు. గుడి వద్దనో, బస్‌స్టాండులోనో ఒంటరి బిడ్డ దొరకినచో ఎవరికిని పెంపకమునకు ఇయ్యక 1098కి ఫోను చేయుడు; ఇరువది నాలుగు గంటలలో బిడ్డను బాలల సంక్షేమ కమిటీ ముందుంచవలెను. "దేవుడిచ్చిన బిడ్డ, మేమే పెంచుకొందుము" అని ఎవరు బ్రతిమాలినను ఒప్పుకొనరాదు. ఆ బిడ్డ కొరకు మరియొక ఊరిలో ఒక తల్లి వెదకుచుండవచ్చును.

వచ్చు గ్రామసభలో ఈ విషయమును చదివి వినిపింపుడు. సంతానము లేని దంపతులు సిగ్గుపడక మీ యొద్దకు వచ్చి సలహా అడుగునట్టి వాతావరణము కల్పింపుడు. మీరు చూపిన దారిన వచ్చిన బిడ్డను ఆ తల్లి యొడి నుండి రేపు ఎవరును తీసికొనిపోలేరు.