మైనం మీద నిలిచిన మెట్లు

వైణికుడు ఈమని శంకరశాస్త్రి 1922లో ద్రాక్షారామంలో పుట్టారు. ఆయన శిష్యుడు చిట్టిబాబుది కాకినాడ. పిఠాపురం సంస్థానంలో తుమరాడ సంగమేశ్వరశాస్త్రి వీణ విన్న రవీంద్రనాథ్ ఠాగూర్ ఆయనను శాంతినికేతన్‌కు రప్పించుకున్నారు. ఇంతమంది వాయించిన వీణకు ఇప్పుడున్న రూపం రావడానికి శతాబ్దాలు పట్టింది.

అమరావతి శిల్పాల్లోని వీణ విల్లులా వంగి ఉంటుంది. దానికి మెట్లు లేవు, స్వరానికో తీగ. ఇరాక్‌లోని ఊర్ సమాధుల్లో దొరికిన, సుమారు 4,500 ఏళ్లనాటి వాద్యాలదీ అదే పద్ధతి. బర్మావాళ్లు నేటికీ విల్లు వీణ వాయిస్తున్నారు. తీగను దండి మీద నొక్కి పొడవు తగ్గించడం తెలిశాక ఒక్క తీగే ఎన్నో స్వరాలు పలికింది. అయితే ఎక్కడ నొక్కాలి? 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధి అనే సంగీత గ్రంథంలో మెట్ల స్థానాలు చర్చించాడు. 1609లో రాగవిబోధ రాసిన సోమనాథుడిది రాజమహేంద్రవరమని సంగీత చరిత్రకారులు చెబుతారు. స్వరస్థానాలకు ఆయనా వీణనే ఆధారం చేసుకున్నాడు. తంజావూరు రఘునాథ నాయకుడి కాలంలో 24 మెట్లు స్థిరపడ్డాయంటారు. స్థాయికి 12 చొప్పున రెండు స్థాయిలు. ఇక రాగం మారినప్పుడల్లా మెట్లు జరిపే పని లేదు.

సగం పొడవు దగ్గర నొక్కితే పై షడ్జం వస్తుంది. పైకి వెళ్లేకొద్దీ మెట్ల మధ్య ఎడం తగ్గుతుంది. ఆ ఎడాన్ని చెవితోనే తేల్చి, బొగ్గుపొడి కలిపిన మైనంలో ఇత్తడి మెట్లను కూర్చడాన్ని మేళం కట్టడం అంటారు. నా దృష్టిలో వీణ తయారీలో అన్నిటికన్నా కష్టమైన విద్య ఇదే.

మెట్టు కదలదు కానీ తీగ కదులుతుంది. పక్కకు లాగితే బిగువు పెరిగి శ్రుతి పైకి పోతుంది. ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు జారుతూ వస్తాయి. మన గమకమంతా అక్కడే ఉంది. పియానో మెట్ల మీద ఇది సాధ్యం కాదు.

తీగల్ని మోసే గుర్రం మీది లోహపు పలక కొద్దిగా వంపు తిరిగి ఉంటుంది. అదిరే తీగ దాన్ని తాకుతూ వదులుతూ ఉంటుంది. తీగను ఒక బిందువు దగ్గర మీటితే, ఆ బిందువు దగ్గర కదలిక లేని అనుస్వరాలు (మూల స్వరంతో పాటు పలికే పై స్వరాలు) వినబడకూడదని పాత సూత్రం. వీణలో అవి గట్టిగానే వినిపిస్తాయని, కారణం ఆ వంపేనని 1921లో సి.వి. రామన్ చూపించారు.

మీ ఇంట్లో మూలపడ్డ వీణ ఉంటే, మెట్లు కదిలాయని వదిలేయకండి. మైనం కరిగించి మళ్లీ కూర్చుకునేందుకే దాన్ని అలా కట్టారు. బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో, నూజివీడులో వీణలు చేసే కుటుంబాలున్నాయి. వాళ్ల దగ్గరికి తీసుకెళ్లి మేళం కట్టించండి.