చీటీలో మన దేశం పేరొస్తే

మీ బడిలో నమూనా అంతర్జాతీయ సమావేశం జరపాలనుకున్నారు. దేశాల పేర్లు చీటీల మీద రాసి, డబ్బాలో వేసి, తలా ఒకటి తీయించారు. మీకు భారతదేశం వచ్చింది. "హమ్మయ్య, మన దేశమే! చదవాల్సిందేమీ లేదు" అని సంబరపడకండి. మీరు ఆడబోయేది 1990 జూన్‌లో లండన్‌లో జరిగిన సమావేశం. విషయం ఓజోను పొర. అప్పుడు మన దేశం ఏమడిగిందో, ఎందుకడిగిందో తెలుసా?

ముందు విజ్ఞానం సంగతి. ఆ రోజుల్లో ఫ్రిజ్‌లలోనూ, పిచికారీ డబ్బాలలోనూ క్లోరోఫ్లోరోకార్బన్లనే పదార్థాలు వాడేవారు. అవి మండవు, విషం కావు, దేనితోనూ తేలిగ్గా కలవవు. ఆ మంచితనమే కొంప ముంచింది! చెక్కుచెదరకుండా స్ట్రాటోస్ఫియరు దాకా వెళ్ళి, అక్కడ అతినీలలోహిత కిరణాలు తగిలి విడిపోయి, క్లోరిన్ పరమాణువులను వదులుతాయి. ఒక్కొక్క పరమాణువు వేలకొద్దీ ఓజోను అణువులను నాశనం చేస్తుంది. ఈ ప్రమాదం గురించి మొలీనా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు 1974లోనే హెచ్చరించారు. అంటార్కిటికా మీద ఓజోను బాగా పలచబడిందని 1985లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇంతవరకు అందరూ చదివే వస్తారు. తగవు దీని మీద కాదు.

తగవంతా ఒక అంకె దగ్గరుంది. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం, ఏడాదికి తలకు 0.3 కిలోల కంటే తక్కువ వాడే వర్ధమాన దేశాలకు పదేళ్ళ అదనపు గడువు ఇచ్చింది. మన వాడకం అంతకంటే చాలా తక్కువ. ఇప్పుడు కాగితం, పెన్సిలు తీయండి. అప్పటి మన జనాభా సుమారు 84 కోట్లు. దాన్ని 0.3తో హెచ్చవేస్తే 25 కోట్ల కిలోలు, అంటే రెండున్నర లక్షల టన్నులు. చైనాలోని 113 కోట్ల మందికి మరో 3.4 లక్షల టన్నులు. రెండూ కలిపితే దాదాపు 6 లక్షలు. 1986లో ప్రపంచమంతా కలిసి తయారుచేసింది అటూ ఇటుగా 10 లక్షల టన్నులే!

ఈ లెక్కకు రెండువైపులా పదునుంది. "మీ ఇళ్ళన్నిటికీ ఫ్రిజ్‌లు వస్తే, మేం మానేసి ఏం లాభం?" అంటాడు ధనిక దేశపు ప్రతినిధి. "పైన పాడైనదంతా చాలావరకు మీ వాడకం వల్లనే. మా ఇళ్ళలో చల్లని నీళ్ళు కూడా లేవు. కొత్త పద్ధతికి డబ్బు, పరిజ్ఞానం ఇవ్వండి, చేరతాం" అంటారు మీరు. ఇద్దరి మాటా నిజమే. అందుకే ఇది మంచి సమావేశం.

కాబట్టి ముందురోజు సాయంత్రం, బ్రిటన్ చీటీ వచ్చిన స్నేహితుణ్ణి పిలిచి వాదించండి. తర్వాత చీటీలు మార్చుకొని మళ్ళీ వాదించండి. ఇది కాస్త కష్టం. ఒక కాగితం మీద మన దేశం వదులుకోలేనివీ, అవసరమైతే వదులుకోగలిగినవీ విడిగా రాసుకోండి. సభలో "నాకనిపిస్తోంది" అనకండి. "భారత ప్రభుత్వం భావిస్తోంది" అనండి. 1990 తర్వాతి సంగతులు తెలిసినా నోరు మెదపకూడదు.

మీకు మాత్రం చెబుతాను. ఆ సమావేశంలో మన తరఫున మాట్లాడింది అప్పటి పర్యావరణ మంత్రి మేనకా గాంధీ. చివరికి ఒక నిధి ఏర్పడింది. మొదటి మూడేళ్ళకు 16 కోట్ల డాలర్లు. చైనా, భారత్ చేరితే 24 కోట్లు. చైనా 1991లో, మనం 1992లో చేరాం. మీ బడిలో బేరం ఎంతకు కుదురుతుందో!