మంచుకు కూడా కార్తె ఉందా?

ఒక నవంబరు రాత్రి భోజనాలయ్యాక హాస్టల్ టీవీలో వార్తలు చూస్తున్నాం. కాశ్మీరులోని గుల్మార్గ్‌లో తొలి మంచు పడిందని చూపిస్తున్నారు. తెల్లబడిన కొండ, మంచు ముద్దలు విసురుకునే పర్యాటకులు, కాళ్ళకు పొడవాటి పలకలు కట్టుకొని జారడానికి సిద్ధమవుతున్న కుర్రాళ్ళు. మా పక్కన కూర్చున్న ఇంటర్ తమ్ముడు ఉన్నట్టుండి అడిగాడు: "అన్నా, మనకు వానలకు కార్తెలు ఉన్నట్టు వాళ్ళకు మంచుకు కూడా కార్తె ఉంటుందా?"

అందరూ నవ్వారు. మాకు మాత్రం నవ్వు రాలేదు. పీజీలో భూగోళశాస్త్రం చదువుతున్నాం, పశ్చిమ అలజడుల మీద సెమినార్ కూడా ఇచ్చాం. అయినా ఆ ప్రశ్నకు అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాం. ఆ రాత్రి చెప్పలేనిది ఇప్పుడు ఈ సంచికలో రాస్తున్నాం.

ముందుగా జవాబు: ఉంది. దాన్ని కాశ్మీరీలు 'చిల్లై కలాన్' అంటారు. ఏటా డిసెంబరు 21న మొదలై జనవరి చివరి వరకు 40 రోజులు ఉంటుంది. ఆ తర్వాత 20 రోజులు 'చిల్లై ఖుర్ద్', మరో 10 రోజులు 'చిల్లై బచ్చా'. అంటే పెద్ద చలి, చిన్న చలి, పిల్ల చలి అన్నమాట. మన పెద్దలు రోహిణి ఎండ, మృగశిర చల్లదనం అని లెక్కపెట్టినట్టే వాళ్ళ పెద్దలు చలిని లెక్కపెట్టుకున్నారు. ఆ నలభై రోజుల్లో పడిన మంచే నిలిచే మంచు. టీవీలో మేము చూసిన నవంబరు మంచు ఆ కార్తె రాకముందే పడింది. అసలు విషయమంతా అక్కడే ఉంది.

ఒక మాట చెప్పుకోవాలి. మన భాషలో తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, రోడ్డు కనపడకుండా కమ్మేదీ మంచే, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే. కాబట్టి విశాఖ మన్యంలోని లంబసింగిలో (ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా) గడ్డి తెల్లబడిందంటే కాశ్మీరు మంచే పడిందనుకుంటాం. అది వేరు. లంబసింగి సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. చలికాలంలో మబ్బు లేని రాత్రులు నేల వేడంతా ఆకాశంలోకి పోయి, ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు దిగి, నేల దగ్గరి తేమ గడ్డి మీదే గడ్డకడుతుంది. పై నుంచి మంచు కురవాలంటే చలి ఒక్కటే చాలదు. ఆకాశంలో తేమ నిండిన మబ్బు ఉండాలి, ఆ మబ్బు నుంచి నేల దాకా గాలి చల్లగా ఉండాలి. ఈ రెండూ ఒకే రోజు కలిసి రావాలి. లంబసింగిలో చలి ఉన్న రాత్రి మబ్బు ఉండదు, మబ్బు పట్టిన రాత్రి అంత చలి ఉండదు.

మరి హిమాలయాల్లో చలికాలంలో ఆ తేమ ఎక్కడిది? మన నైరుతి రుతుపవనాలు సెప్టెంబరుకే వెనుదిరుగుతాయి కదా! అక్కడికి తేమ పడమటి నుంచి వస్తుంది. మధ్యధరా సముద్రం పరిసరాల్లో పుట్టిన అల్పపీడనాలు ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా ప్రయాణించి మన వాయవ్య సరిహద్దుకు చేరతాయి. వీటినే పశ్చిమ అలజడులు, ఇంగ్లీషులో వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటారు. పంజాబు గోధుమకు చలికాలపు వాన ఇచ్చేవి, కాశ్మీరుకు, హిమాచల్‌కు, ఉత్తరాఖండ్‌కు మంచు ఇచ్చేవి ఇవే. చలికాలంలో నెలకు సగటున నాలుగు నుంచి ఆరు వరకు వస్తాయి. అన్నీ తేమతో రావు. కొన్ని ఖాళీ చేతులతో వచ్చి వెళ్ళిపోతాయి.

వీటిని మోసుకొచ్చేది జెట్ ప్రవాహం. భూమికి 10, 12 కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు నదిలా పరుగెత్తే గాలి అది. చలికాలంలో ఇది దక్షిణానికి జరిగి హిమాలయాలను ఆనుకొని వీస్తుంది, మే చివరికి ఉత్తరానికి తప్పుకుంటుంది. ఈ విషయం మన హాస్టల్ పిల్లలకు ఎక్కడో దూరపు పాఠం కాదు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులే. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. 8,849 మీటర్ల ఆ శిఖరాన్ని ఎక్కువ మంది మే నెలలోనే ఎందుకు ఎక్కుతారంటే, శిఖరాన్ని కొట్టే జెట్ గాలి అప్పుడే కాస్త పక్కకు తప్పుకుంటుంది. పర్వతారోహకులు ఆ గాలి ఎప్పుడు పోతుందా అని కాచుకుంటారు. స్కీయింగ్ చేసేవాళ్ళు అదే గాలి ఎప్పుడు వస్తుందా అని కాచుకుంటారు.

ఇక ఎత్తు సంగతి. సగటున ప్రతి 1000 మీటర్లకు 6.5 డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుందని ఇంటర్‌లోనే చదువుకున్నాం. దాన్ని ఇక్కడ పెట్టి చూద్దాం. శ్రీనగర్ సుమారు 1,585 మీటర్ల ఎత్తులో ఉంది, గుల్మార్గ్ సుమారు 2,650 మీటర్లలో. తేడా వెయ్యికి కొంచెం పైన, అంటే దాదాపు 7 డిగ్రీలు. శ్రీనగర్‌లో 5 డిగ్రీల దగ్గర వాన పడుతుంటే గుల్మార్గ్‌లో మైనస్ 2 దగ్గర మంచు పడుతుంటుంది. గుల్మార్గ్ నుంచి కేబుల్ కారులో ఇంకా పైకి వెళితే అఫర్వాట్ కొండ భుజం, దాదాపు 3,950 మీటర్లు. అక్కడ అక్టోబరులోనే తెల్లటి పూత కనిపించవచ్చు. ఇదే లెక్కను తిరగేస్తే ఇంకొకటి తెలుస్తుంది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే వాన, మంచుల సరిహద్దు గీత సుమారు 150 మీటర్లు పైకి జరుగుతుంది. ఉత్తరాఖండ్‌లోని ఔలీలో స్కీ వాలు సుమారు 2,500 నుంచి 3,000 మీటర్ల మధ్య ఉంది. అలాంటి చోట 150 మీటర్లంటే వాలులో మూడో వంతు. కింద వాన, పైన మంచు. వాన పడితే ఉన్న మంచు కూడా కరుగుతుంది.

ఇప్పుడు తొలి మంచు దగ్గరకు వద్దాం. అక్టోబరులోనో నవంబరు మొదట్లోనో ఒక అలజడి వచ్చి పది సెంటీమీటర్ల మంచు కురిపించిందనుకోండి. చూడటానికి చాలా అనిపిస్తుంది. కరిగిస్తే వచ్చేది సుమారు ఒక సెంటీమీటరు నీళ్ళే. కింద నేల ఇంకా ఎండాకాలపు వేడి మరిచిపోలేదు. అది అడుగు నుంచి కరిగిస్తుంది, పగటి ఎండ పై నుంచి కరిగిస్తుంది. నాలుగు రోజుల్లో మళ్ళీ గడ్డి, రాళ్ళు. జారడానికి గడ్డి నేల మీదైనా కనీసం ఒక అడుగు మందాన మంచు అణిగి ఉండాలి. రాళ్ళున్న చోట అంతకు రెట్టింపు కావాలి. అయినా తొలి మంచు చూడగానే స్కీలు అద్దెకిచ్చే దుకాణం తెరుస్తారు, పలకలకు మైనం రాస్తారు, దూరాల నుంచి వచ్చేవాళ్ళు టిక్కెట్లు కొంటారు.

ఇది చదువుతుంటే మాకు మా చేను గుర్తొచ్చింది. ఒక ఏడాది మృగశిరలో మంచి వాన పడిందని నాన్న పత్తి గింజలు పెట్టాడు. మొలకలు వచ్చాయి. తర్వాత ఇరవై రోజులు బెట్ట. మొలక మాడిపోయింది. మళ్ళీ అప్పు చేసి మళ్ళీ గింజలు. నాన్న బడికి వెళ్ళినవాడు కాదు. అయినా రెండోసారి పెట్టేటప్పుడు వాన చూడలేదు, మట్టిని జానెడు లోతు తవ్వి తడి ఎంత దిగిందో చూశాడు. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. సెమినార్ పేపర్‌లో నేల ఉష్ణోగ్రత అని రాసేటప్పుడు, కొలవాల్సింది ఆకాశంలో కాదు నేలలో అని మాకు ముందు చెప్పింది పుస్తకం కాదు. గుల్మార్గ్‌లో కూడా తెలిసినవాళ్ళు ఆకాశాన్ని కాదు, కింద ఏమున్నదో చూస్తారు.

ఎందుకంటే తొలి మంచు కరిగిపోతే నష్టం ఒకటి, కరగకుండా మిగిలితే ప్రమాదం ఇంకొకటి. నీడ పడే వాలుల్లో పల్చటి పొర నిలిచిపోతుంది. ఆ తర్వాత వారాల తరబడి మబ్బు లేని ఆకాశం, గడ్డకట్టే రాత్రులు. పొర అడుగు సున్నా డిగ్రీల దగ్గర ఉంటుంది, పైభాగం మైనస్ 10కో 15కో దిగుతుంది. ఈ తేడా వల్ల మంచులోని ఆవిరి కింది నుంచి పైకి పాకుతూ, మెత్తటి రేణువులను ఒకదానికొకటి అతుక్కోని పలుకులుగా మార్చేస్తుంది. గుప్పిట్లోకి తీసుకుంటే పంచదారలా జారిపోతుంది. జనవరిలో దాని మీద మూడు అడుగుల కొత్త మంచు పడితే, పళ్ళెంలో ఆవాలు పోసి పైన బరువైన పలక పెట్టినట్టే. వాలు మీద ఒక్క మనిషి బరువు పడినా పలక మొత్తం జారుతుంది. మంచు చరియలు విరిగిపడటమంటే చాలాసార్లు ఇదే. 2023 ఫిబ్రవరి 1న అఫర్వాట్ వాలు మీద చరియలో చిక్కి ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. 2024 ఫిబ్రవరి 22న గుల్మార్గ్ దగ్గరే ఒక రష్యన్ స్కీయర్ చనిపోయాడు.

తొలి మంచు ఇంకొకరి ఇంట్లో ఏం చేస్తుందో టీవీలో తక్కువగా చూపిస్తారు. కాశ్మీరు ఆపిల్ చెట్లు నవంబరు మొదటి వారానికి ఇంకా ఆకు రాల్చవు. కొన్ని తోటల్లో కాయ కూడా చెట్టు మీదే ఉంటుంది. ఆకు రాలిన కొమ్మ మీద మంచు నిలవదు, ఆకులున్న కొమ్మ గొడుగులా పట్టుకుంటుంది. తడి మంచు బరువుకు కొమ్మలు చీలిపోతాయి. 2018 నవంబరు 3న, మళ్ళీ 2019 నవంబరు 7న పడిన భారీ మంచుకు కాశ్మీరు తోటలు ఇలాగే దెబ్బతిన్నాయి. కొమ్మ చీలిన చెట్టు మళ్ళీ కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. స్కీ పలకలకు మైనం రాసుకునే ఆనందం, తోటలో రంపం పట్టుకొని నిలబడ్డ రైతు దుఃఖం ఒకే ఉదయానివి.

అసలు కార్తెలోనే మంచు పడకపోతే? 2024 జనవరిలో అదే జరిగింది. చిల్లై కలాన్ సగం దాటినా గుల్మార్గ్ మైదానం ఎండుగడ్డితో గోధుమ రంగులో ఉంది. ఆ కాలమంతా అలజడులు బలహీనంగానే వచ్చాయి. నెలాఖరుకు గానీ మంచు పడలేదు. ఫిబ్రవరి మొదట్లో జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలు వాయిదా పడి 21 నుంచి 25 వరకు జరిగాయి. మరుసటి ఏడాది కూడా అదే కథ. 2025 ఫిబ్రవరి 22న మొదలు కావాల్సిన గుల్మార్గ్ పోటీలు మంచు చాలక వాయిదా పడి మార్చి 9 నుంచి 12 వరకు జరిగాయి.

పోటీలు వాయిదా వేయవచ్చు. గుల్మార్గ్‌లో స్లెడ్జి లాగేవాళ్ళు, గుర్రాలు తిప్పేవాళ్ళు, జారడం నేర్పే గైడ్లు ఉన్నారు. వాళ్ళకు ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఈ రెండు మూడు నెలలదే. పని లేని జనవరిని ఎవరూ వాళ్ళకు మార్చిలో తిరిగి ఇవ్వరు. నాట్ల కాలంలో చెరువు నిండకపోతే మన ఊళ్ళో కూలి ఇళ్ళు ఎలా ఉంటాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

యంత్రాలతో మంచు చేసుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. ఔలీలో ఆ ఏర్పాటు ఉంది, 2011 దక్షిణాసియా శీతాకాల క్రీడలకు ఆ వాలును సిద్ధం చేశారు. నీటిని గాలి ఒత్తిడితో సన్నటి తుంపరగా చిమ్మితే నేలకు చేరేలోపు గడ్డకట్టాలి. దీనికి చల్లటి గాలి మాత్రమే కాదు, పొడి గాలి కావాలి. మట్టి కుండలో నీళ్ళు ఎందుకు చల్లబడతాయో, ఇక్కడ తుంపర అందుకే చల్లబడుతుంది. తడి బల్బు ఉష్ణోగ్రత సుమారు మైనస్ 2 కంటే తగ్గితేనే పని అవుతుంది. నీళ్ళు, కరెంటు, చలి మూడూ ఉండాలి. వెచ్చటి జనవరిలో మొదటి రెండూ డబ్బుతో దొరుకుతాయి, మూడోది దొరకదు.

ఇదంతా చెబితే ఇంటర్ తమ్ముడు వదల్లేదు. "సరే అన్నా, జనవరిలో పడాల్సింది మార్చిలో పడితే లెక్క సరిపోయినట్టే కదా?"

సరిపోదు తమ్ముడూ. జనవరి మంచు పొడిగా పడి, వరుస చలి రాత్రుల్లో ఒకదాని మీద ఒకటి అణిగి గట్టిపడుతుంది. ఎండాకాలం మొదలయ్యాక మెల్లగా కరిగి ఝీలం, చీనాబ్ నదులకు నీరందిస్తుంది, వరి నాట్లకు కాలువలు నింపుతుంది. మార్చికి సూర్యుడు ఎత్తుకు వస్తాడు, పగలు పెరుగుతుంది. అప్పుడు పడే మంచు తడిగా, బరువుగా ఉంటుంది. మధ్యాహ్నానికే స్కీ కింద ముద్దవుతుంది. గట్టిపడటానికి దానికి రాత్రులు మిగలవు. ఏప్రిల్‌లోనే వాగులో పడి పోతుంది, నాట్లు వేసేనాటికి కాలువలో ఉండదు.